ఎవరిదీ కాని గంట

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ కథలో రాక్షసి చావదు. చంపుదామని చాలాసార్లు కూర్చున్నాను గానీ నాకు చేతులు రాలేదు. కత్తి కూడా లేదు, ఎగిరే గుర్రం అసలే లేదు. ఉన్నదల్లా ఒక కంచు గంట, ఒక పిల్ల, ఆ పిల్లకొక అక్క. ఆ అక్క ఒకరా ఇద్దరా అన్నదే మొత్తం గొడవ. ఫోన్ పోయినా పర్లేదు, ఫొటోలకి ఎక్కడో ఇంకో కాపీ ఉంటుందిలే అని ధీమాగా తిరిగే మీకూ నాకూ ఈ గొడవ తొందరగానే అర్థమవుతుంది. ఇక పదండి.

మంచుకోన అని ఒక కొండల రాజ్యం ఉండేది. అక్కడ పొగమంచు దిగిందంటే ఎవరి చెయ్యి వాళ్లకే కనపడదు. అందుకని ప్రతి ఇంటి చూరుకీ ఒక గంట వేలాడుతూ ఉండేది. మంచు పడగానే ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని మోగించేవాళ్లు. బయట చిక్కుకున్నవాళ్లు తమ గంట మోతను పోల్చుకుని, ఆ మోత వెంటే అడుగులో అడుగు వేసుకుంటూ ఇల్లు చేరేవాళ్లు. ఏ రెండు గంటలూ ఒకలా మోగేవి కావు. పరాయి గంట వెంట నడిచినవాడి కాలి కింద దారి ఉండదు, లోయ ఉంటుంది. అందుకే అక్కడి పిల్లలకు మాటలు రాగానే నేర్పే మొదటి పాఠం ఇదే: మనది కాకపోతే కదలకు.

ఆ గంటలన్నీ పోసేది ఒకే ఒక్క కంచరి ఇల్లు. అమ్మానాన్నలు జ్వరాలకు పోయాక ఆ కొలిమి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు మిగిలారు. పెద్దది పగడం. చిన్నది కెంపి. మైనంతో గంట చేసి, దానికి మట్టి పూసి కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కంచు పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడతారు. మైనమూ పోయింది, మట్టీ పోయింది, ఇక అలాంటి గంట మళ్లీ పుట్టదు. కెంపికి ఓపిక తక్కువ. మట్టి పూర్తిగా చల్లారకముందే సుత్తి ఎత్తేది.

"ఆగవే! నీకేం రైలు పోతోందా?" అని పగడం అరిచి ఉండేదేమో, కాకపోతే అప్పటికి రైళ్లు లేవు. "నీ గంటలన్నీ చివర్లో ఏడుస్తాయే తల్లీ," అనేది. నిజమే. కెంపి పోసిన ప్రతి గంటకీ మోత ముగిసే ముందు సన్నటి వణుకు ఉండేది.

ఆ ఏడు మంచు ముందే వచ్చేసింది. వచ్చింది పోలేదు. తేనెపట్ల మైనం కోసం కొండెక్కిన పగడం తిరిగి రాలేదు. కెంపి చూరు కింద నిలబడి గంట మోగించింది. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. చివరికి గంటే ఓడిపోయింది. అంచు నుంచి పైదాకా బీట పడి, చిల్లుకుండలా మోగింది.

కెంపికి ఒకటే భయం. ఈ మోత వింటే అక్క పోల్చుకోదు. ఇంకేం ఆలోచించలేదు. దారంతో గంట కొలతలన్నీ తీసుకుంది, అలాంటిదే మైనంతో చేసింది, పగిలిన గంటను కరిగించి అదే కంచును పోసింది. అదే లోహం, అదే వంపు, అదే బరువు. తెల్లారేసరికి చూరుకు కట్టి మళ్లీ మొదలుపెట్టింది.

ఎవరూ రాలేదు.

ఆ రోజుల్లో ఆ ఇంట్లో చప్పుడంటే ఆ గంటదే. కెంపి అన్నం వండితే అలవాటు కొద్దీ ఇద్దరికి వండేది. మిగిలింది పొద్దున్నే తినేది. కొలిమి వెలిగించడానికి మనసొప్పేది కాదు. ఎవరితోనైనా మాట్లాడదామంటే, ఊళ్లో సగం ఇళ్లలో ఎవరో ఒకరు ఈమధ్యే తప్పిపోయి ఉన్నారు. ఎవరి గంట వాళ్లు మోగించుకుంటున్నారు.

అప్పుడు ఒక వింత జరిగింది. తప్పిపోయినవాళ్లు ఒక్కొక్కరే వాళ్ల వాళ్ల గుమ్మాల ముందు ప్రత్యక్షమయ్యారు. రాజు గుణసాగరుడి తల్లి కూడా మంచులో తప్పిపోయింది, ఆవిడా వచ్చేసింది. రాజు సంతోషం పట్టలేక దండోరా వేయించాడు: "అందరూ వచ్చేశారహో! జనం లెక్క సరిపోయిందహో! ఇక ఊరికే గంటలు మోగించి జనం చెవులకు చిల్లులు పొడవద్దహో!"

పగడం కూడా వచ్చింది. కెంపి తలుపు తీసేసరికి నవ్వుతూ నిలబడి ఉంది. గడ్డం మీద చిన్నప్పటి కొలిమి మచ్చ అలాగే ఉంది. కెంపి ఆమెను చుట్టేసుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఒక సంగతి చూసింది. కొండ దిగివచ్చిన ఆ పాదాలకు చుక్క బురద లేదు. చూసింది గానీ, చూడనట్టు ఊరుకుంది. నెలల తరవాత ఇంట్లో ఇంకొకరి ఊపిరి వినపడుతుంటే పాదాల గురించి ఎవరడుగుతారు?

పగడం అన్నీ గుర్తుపెట్టుకుంది. కెంపికి పులుసులో ములక్కాడలంటే ఇష్టమని, ఎడం పక్కకు తిరిగితేనే నిద్ర పడుతుందని. అంతా బాగానే ఉంది, ఒక సాయంత్రం దాకా. ఆ సాయంత్రం కెంపి కట్టెలకు వెళ్లి మంచులో చిక్కుకుంది. ఇంట్లో ఉన్న పగడం మొదటిసారి గంట మోగించింది. కెంపి ఆ మోత వెంట ఇల్లు చేరేసరికి పగడం గంట నాలుకను చేత్తో పట్టుకుని రాయిలా నిలబడి ఉంది.

"కెంపీ, ఇదెవరిదే?"

"ఎవరిదేంటక్కా? మనదే."

"నా చెవి నాకు తెలీదా? ఇది మనది కాదు."

కెంపి దాచలేకపోయింది. బీట పడటం, కరిగించడం, మళ్లీ పోయడం అన్నీ చెప్పేసింది. "అదే కంచక్కా! గోరంత కూడా తేడా లేదు," అంది.

"కంచు అదే. గంట అది కాదు." పగడం అరుగు మీద కూలబడింది. "ఇది నేనెప్పుడూ వినని మోత. దీని వెంట నేను నడవను. చచ్చినా నడవను. మరి నేనెలా వచ్చానే ఇంటికి?"

కెంపి చూపు ఆమె పాదాల మీదికి పోయింది.

"బండ మీద కూర్చుని మన గంట కోసం చూడటం గుర్తుంది. ఆ తరవాత నువ్వు తలుపు తీయడం గుర్తుంది. మధ్యలో దారే లేదు. నువ్వు నా కాళ్ల వంక చూశావు కదా ఆ రోజు? నేనూ చూసుకున్నాను." ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది. "నేను నడిచి రాలేదే. నన్నెవరో పంపించారు. మీ అక్క ఇంకా ఆ బండ మీదే కూర్చుని ఉంది. ఈ గంట వింటూనే ఉంటుంది, పరాయిదనుకుని కదలకుండా ఉంటుంది."

"అలా అనకక్కా."

"అక్కా అనకే. అక్క అక్కడుంది."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. కెంపి చూరు నుంచి గంటను విప్పి భుజానికి తగిలించుకుంది. గంట తీసేసిన ఇంటికి ఇక దారి ఉండదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. అయినా ఖాళీ ఇంటికి దారి ఉండి మాత్రం ఏం లాభం అనుకుంది కెంపి.

కొండ సగం ఎక్కాక ఒక గుహ వచ్చింది. గుహ ముందు ఒకే పోలికతో ఉన్న ఇద్దరు మునులు ఒక ఖాళీ కుండను అటూ ఇటూ లాక్కుంటున్నారు. జడలు ఒకటే, గడ్డాలు ఒకటే, కోపం కూడా ఒకటే.

"నీళ్లు నిన్న నేను తెచ్చాను!"

"నిన్న తెచ్చింది నేనురా! వయసు మీద పడి నీకు మతి పోయింది!"

"నా వయసే కదరా నీదీ!"

కెంపి గొంతు సవరించుకుంది. "స్వామీ, మీలో అసలు ముని ఎవరండీ?"

ఇద్దరూ ఆమెను ఎగాదిగా చూశారు. "ఆ సంగతి మరిచిపోయి చాలా కాలమైంది పిల్లా," అన్నాడు ఒకడు. "మా తగాదా నీళ్ల గురించి మాత్రమే. నేను జపముని. వీడు వంటముని. ఒకప్పుడు మంచులో ఒకరమే తప్పిపోయాం, ఇద్దరమై తేలాం."

వంటముని కెంపి పక్కనున్న అమ్మాయిని తేరిపార చూశాడు. "ఈ అమ్మాయి మంచు మనిషి. పైన తెల్లలోయలో ఉండే రాక్షసి తెల్లబూచి పంపింది కదూ? ఇలాంటివాళ్లు ఇంకొకరి పేరు మీద బతుకుతుంటారు. ఆ పేరుగల మనిషి ఇంటిదారి పట్టిందా, వీళ్లు ఎండకు మంచులా కరిగిపోతారు. తెలిసే వెళుతున్నావా?"

కెంపికి తెలియదు. గిరుక్కున పక్కకు తిరిగింది. మంచు పిల్ల ఎటో చూస్తూ, "నీళ్లు నేను తెచ్చిపెడతాను తాతా, కుండ ఇటివ్వండి," అంది. నీళ్లు తెచ్చింది. మునులు పైకి వెళ్లే దారి చూపించారు. ఇద్దరూ ఆ దారి పట్టారు. వెనక్కి పోదామన్న మాట కెంపి నోటిదాకా వచ్చింది. అక్క బండ మీద కూర్చుని ఉందన్న తలపు ఆ మాటను మింగించేసింది. ముందుకు పోయినా ఒకరు పోతారు, వెనక్కి పోయినా ఒకరు పోతారు. పక్కనే మనిషి నడుస్తున్నా కెంపికి అంత ఒంటరితనం ఎప్పుడూ అనిపించలేదు.

పైన ఇరుకు కనుమలో ఒక కొండచిలువ అడ్డంగా పడుకుని ఉంది. తాటిమాను లావు. దాని పక్కన అంత పొడుగూ ఉన్న కుబుసం గాలికి గలగలమంటోంది.

"ఒకరిని తింటాను, ఒకరిని వదులుతాను," అంది కొండచిలువ ఆవులిస్తూ. మంచు పిల్ల వెంటనే ముందుకొచ్చింది. "నన్ను తిను. దాన్ని వదులు."

కొండచిలువ ఆమెను వాసన చూసి మొహం చిట్లించింది. "నువ్వా? నిన్ను తింటే నాకు జలుబు చేస్తుంది."

"అయితే నన్ను తిను," అంది కెంపి. "కానీ ముందు ఒక్క సందేహం తీర్చు. నిన్నటి నువ్వు ఏది? ఆ కుబుసమా, నువ్వా?"

కొండచిలువకు ఆ ప్రశ్న నచ్చలేదు. "నేనే! అది ఒట్టి తోలు."

"దానికీ నీ మచ్చలే ఉన్నాయి. నీ పొడుగే ఉంది. నిన్న మొన్నటి దాకా నువ్వంటే అదే కదా?"

"దానికి ఆకలేస్తుందా? చలేస్తుందా? నా పక్కన నిలబడి 'నన్ను తిను, దీన్ని వదులు' అంటుందా?" కొండచిలువ ఆగిపోయింది. మంచు పిల్ల వంక ఇంకోసారి చూసింది. చాలాసేపు చూసింది. "చీ, ఆకలి చచ్చిపోయింది. పొండి ఇద్దరూ," అని పక్కకు ఒరిగి దారి ఇచ్చింది.

కనుమ దాటితే తెల్లలోయ. అక్కడ నేల లేదు, ఆకాశం లేదు, అంతా పాల రంగు. ఆ తెలుపులో బండల మీద మనుషులు కూర్చుని ఉన్నారు. మంచుకోన మనుషులే. చెవులు రిక్కించి, కదలకుండా, ఎవరి గంట కోసం వాళ్లు. రాజుగారి తల్లి కూడా ఉంది. ఊళ్లో ఆమె గంట మోగి ఎన్నాళ్లయిందో ఆమెకు తెలియదు.

లోయ మధ్యలో కొండంత తెల్లబూచి మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె ఊపిరి వదిలితే మంచు. పీలిస్తే ఇంకాస్త మంచు.

"ఎందుకు బంధించావు వీళ్లని?" అని అరిచింది కెంపి.

"బంధించానా?" రాక్షసి నొచ్చుకుంది. "తలుపేది? తాళమేది? గంట వినపడితే ఎవరి దారిన వాళ్లు పోవచ్చు."

"గంటలు మోగకుండా చేసింది నువ్వే కదా!"

తెల్లబూచి తల వంచుకుంది. "వాళ్లు దారి తప్పి వచ్చి ఇక్కడ కూర్చునేవాళ్లు. నాకు తోడుండేది. గంట మోగగానే లేచి వెళ్లిపోయేవాళ్లు. ఒక్కరన్నా వెనక్కి తిరిగి చూడరు. అందుకే గంట మోత చెవిన పడేలోగా, నిద్రపోతున్నవాళ్ల మీద ఊపిరి వదిలి, అచ్చం వాళ్లలాంటి వాళ్లను చేసి ఇళ్లకు పంపాను. ఇళ్లల్లో ఏడుపులు ఆగాయి. గంటలూ ఆగాయి. ఒకరికి ఒకరు, సరిపోయిందిగా? ఎవరికి ఏం తక్కువైంది?"

కెంపి చుట్టూ బండల మీదికి చూసింది. ఆమెకు దూరంగా ఒక బండ మీద పగడం కనపడింది. చిక్కిపోయింది. పాదాల నిండా ఎండిపోయిన బురద. కెంపి భుజాన ఉన్న గంటను తీసి మోగించింది.

పగడం తల ఎత్తింది గానీ కదలలేదు. మనది కాకపోతే కదలకు. కెంపి మళ్లీ మోగించింది. ఈసారి దగ్గర నుంచి. మోత సాగి సాగి, ఆగిపోయే ముందు సన్నగా వణికింది.

పగడం పెదాలు కదిలాయి. "చివర్లో ఏడుస్తోంది," అంది మెల్లగా. "మట్టి చల్లారకముందే పగలగొట్టావు కదే, మొండిదానా!"

"అవునక్కా!"

"ఊరి నుంచి ఈ మోత రోజూ వినపడేది. ఎవరి గంటో పాపం, ఎవరూ రాక మోగుతోంది అనుకునేదాన్ని. అంత దూరానికి ఆ ఏడుపు వినపడలేదే." పగడం లేచి వచ్చి చెల్లెలి బొబ్బల చేతులు పట్టుకుంది. అప్పుడు ఆమె కళ్లు కెంపి వెనకున్న తన ముఖం మీద పడ్డాయి.

"ఇదెవరు?"

రాక్షసి ఇందాక అన్న మాటలు పగడానికి అప్పుడు అర్థమయ్యాయి.

"ఇన్నాళ్లూ దీనితో కలిసి అన్నం తిన్నావా? నా చాప మీద పడుకోబెట్టావా?"

"నువ్వే అనుకున్నానక్కా."

"నువ్వు కూడా నన్ను పోల్చుకోలేకపోయావా?" పగడం చెల్లెలి చేతులు వదిలేసింది.

"దాన్నేం అనకు," అంది మంచు పిల్ల. "నువ్వు ఇక్కడున్నావని చెప్పింది నేనే. నేను పోతున్నాను. మీరిద్దరూ ఇంటిదారి పట్టండి." అప్పటికే ఆమె వేళ్ల చివర్లు పొగలా పల్చబడుతున్నాయి.

"ఏ పోలికా తప్పకుండా చేశానే!" అంది తెల్లబూచి బాధగా. "కానీ పేరు ఒకటే, గంట ఒకటే. ఇద్దరికి ఎలా చాలుతుంది?"

కెంపి ఆ కరుగుతున్న చేతిని పట్టుకుంది. పట్టు దొరకలేదు. ఇది అక్కా? కాదు. అక్కకు పాదాల నిండా బురద ఉంది, ఇన్నాళ్ల ఎదురుచూపు ఉంది. మరి ఇది ఒట్టి కుబుసమా? కుబుసం మునులకు నీళ్లు తెచ్చిపెట్టదు. తను కరిగిపోతానని తెలిసీ కొండెక్కదు. వంటముని ఎందుకు కరగలేదు? వాడికి వాడి పేరుంది, వాడి పొయ్యి ఉంది.

"అక్కా, ఈ గంట మనదేనా?" అని అడిగింది కెంపి హఠాత్తుగా.

"కాదు," అంది పగడం. "మన గంట పోయింది."

"నీదేనా?" అని మంచు పిల్లను అడిగింది.

"కాదని చెప్పానుగా."

"మరి ఎవరిది? పాత కంచే, పాత వంపే, కానీ పాత గంట కాదు. ఎవరిదీ కాని గంట ఉండకూడదు." కెంపి గంటను ఆ పొగ చేతుల్లో పెట్టింది. "ఇది నీది. నువ్వు పగడానివి కాదు. నువ్వు ముత్యానివి. మా ఇంట్లో కెంపు ఉంది, పగడం ఉంది, ముత్యమే లేదు. ముత్యం! ఏయ్ ముత్యం! పలకవే!"

మంచు పిల్ల గంట వంకే చూస్తోంది. పగడం ఒక అడుగు ముందుకేసింది. ఆమె మనసులో ఏం జరిగిందో కెంపికి తెలియదు. చాలాసేపు ఆ ముఖాన్ని చూసి, చివరికి విసుగ్గానే అంది: "పిలుస్తుంటే పలకవేం ముత్యం? నా చాప మాత్రం నాకు కావాలి. నీకు వేరేది అల్లుకుందాం."

"ఊఁ," అంది ముత్యం.

ఆ ఒక్క ఊఁతో వేళ్లు వేళ్లయ్యాయి. గంట బరువుకు చేతులు కిందికి వంగాయి. పొగ గంటను మోయదు, మనిషే మోస్తుంది.

తెల్లబూచి ముక్కు ఎగబీల్చింది. "అయితే అందరూ వెళ్లిపోతారన్నమాట. నేను మళ్లీ ఒక్కదాన్నే." మోకాళ్లు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "సరే, ఊపిరి బిగపడతాను. తొందరగా దిగిపోండి. ఎక్కువసేపు ఆపలేను," అంది.

మంచు పల్చబడింది. కింద ఊరు కనపడింది. ముందు ముత్యం గంట మోగిస్తూ నడిచింది, వెనక అక్కచెల్లెళ్లు. నడుస్తూ నడుస్తూ కెంపి వెనక్కి తిరిగి చూసింది. బుగ్గలు ఉబ్బించుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చున్న ఆ రాక్షసిని అలా తిరిగి చూసిన మొదటి మనిషి బహుశా కెంపే.

ఊరు చేరగానే కెంపి నేరుగా కోటకు వెళ్లింది. "మహారాజా, మీ అమ్మగారు ఇంకా లోయలో కూర్చుని ఉన్నారు. ఇక్కడున్నావిడకు ముందు వేరే పేరు పెట్టి పిలిచి, గంట మోగించండి," అంది. రాజు నవ్వుతాడని అందరూ అనుకున్నారు. రాజు నవ్వలేదు. "నాకు తెలుసనుకుంటానమ్మా," అన్నాడు నెమ్మదిగా, "తెలియనట్టు ఉన్నాను." సింహాసనం దిగి, తనే పరుగెత్తి కోట గంట తాడు పట్టుకున్నాడు. ఇళ్లల్లోని మంచు మనుషులందరికీ కొత్త పేర్లు పెట్టాక, దాని వెంట ఊరి గంటలన్నీ లేచాయి. పొద్దు వాలేలోగా లోయలోని వాళ్లంతా ఎవరి మోత వెంట వాళ్లు ఇళ్లకు చేరారు.

ఆ పైన కొలిమికి తీరిక లేదు. కొత్త పేరుతో పాటు ప్రతి మంచు మనిషికీ కొత్త గంట. రాజుగారికి ఇద్దరమ్మలయ్యారు, ఇద్దరూ ఆయన తిండి గురించి మందలించేవాళ్లే. ఒకావిడ మాత్రం ఇద్దరు అత్తగార్లను చూసి, "ఒకరిని మీ ఇంట్లో ఉంచుకోవే కెంపీ, నీకు పుణ్యముంటుంది," అని బతిమాలింది. రాజు కెంపిని రాజ్యం గంటలన్నిటికీ పెద్దను చేశాడు. ఆమె మాట లేకుండా ఇక ఎవరూ గంట ఆపమని దండోరా వేయకూడదు.

పాత గంట మోత మళ్లీ ఆ ఊళ్లో వినపడలేదు. పగడం తన కోసం వేరే గంట పోసుకుంది. అప్పుడప్పుడు పాతదాన్ని తలుచుకుని మౌనంగా ఉండిపోయేది. ముత్యం కూడా అదే మోతను తలుచుకుని అలాగే ఉండిపోయేది. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్లిద్దరినీ చూస్తే ఎవరు ఎవరో కెంపికి తెలిసేది కాదు.

మంచు పడిన సాయంత్రాల్లో అందరూ ఇళ్లు చేరాక, గంటలన్నీ ఆగిపోయాక, ఆ ఇంటి చూరు కింద ముత్యం ఇంకొక్కసారి గంట కొట్టేది. ఎవరినీ రమ్మని కాదు. లోయలో ఊపిరి వదులుతున్న ఆవిడకు, మేమిక్కడ ఉన్నామని చెప్పడానికి. మోత సాగి సాగి చివర్లో వణికేది. కాసేపటికి కొండ మీద నుంచి మెత్తగా, తెల్లగా జవాబు దిగి వచ్చేది.

ఇక మీ వంతు. కళ్లు మూసుకున్నా మీరు పోల్చుకోగలిగే చప్పుడు మీ ఇంట్లో ఏముంది? తాతయ్య దగ్గా, అమ్మ గాజులా, కిర్రుమనే తలుపా? అది మారిపోయిన రోజు, లేదా అచ్చం అలాంటిదే ఇంకోటి వచ్చిన రోజు ఏం జరిగింది? మీ కథ నాకు రాసి పంపండి. చివర్లో కాస్త వణికినా పర్లేదు.